చిన్న విమానాన్ని రోడ్డు మీద తరలించడం – మూడో పాఠం: ఎక్కించడం, కట్టడం, దారి చూసుకోవడం

రెండో పాఠం ముగిసేసరికి మన సెస్నా 152 అనే చిన్న విమానం నుంచి రెక్కలు, తోక దగ్గరి అడ్డరెక్క విడిపోయాయి. ఆ పని లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీరు చేతుల మీదుగానే జరగాలని చెప్పుకున్నాం. అడ్డరెక్క కూడా ఎందుకు విప్పాలి? దాని వెడల్పు మూడు మీటర్లు. మన రోడ్ల మీద బండికి మామూలుగా ఒప్పుకునే వెడల్పు 2.6 మీటర్లు. విప్పకపోతే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పైగా కాలవ గట్టు రోడ్డులో ఎదురుగా బస్సు వస్తే తప్పించడం కష్టం.

మన లెక్కకు దారి ఇది: రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి అమలాపురం దగ్గర ఒక కాలేజీకి.

లారీవాళ్లు బరువు అడుగుతారు. ఈ విమానం ఖాళీ బరువు అర టన్నుకు కాస్త అటూఇటూ, రెక్కలు పోగా ఇంకా తక్కువ. "ఇంతేనా!" అని తేలిగ్గా తీసుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. విమానాన్ని ఎక్కించే లో బెడ్ ట్రైలర్ (ప్లాట్‌ఫారం నేలకు దగ్గరగా ఉండే పొడవాటి బండి) కమాన్లు, అంటే స్ప్రింగు పట్టీలు, ఇరవై, ముప్పై టన్నులకు చేసినవి. అంత తేలిక సరుకుకు అవి వంగవు. ప్రతి గుంత, ప్రతి స్పీడ్ బ్రేకర్ నేరుగా విమానానికి తగులుతుంది. అందుకే ఇరుసుల మీద ఇసుక బస్తాలు పేర్చి బండిని బరువెక్కించండి. విమానం చక్రాలను బండి వెనక కొసన పెట్టకండి. కుదుపు ఎక్కువగా ఉండేది అక్కడే. వీలైనంత ముందుకు జరపండి. ముక్కు ముందుకే ఉండాలి. తోక ముందుకు పెడితే గాలి చుక్కానిని (తోక మీద నిలువుగా ఉండి పక్కలకు కదిలే పలకను) వెనక నుంచి పట్టి కొడుతుంది. స్టీరింగుకు, చుక్కానికి లాక్ వేయడం మరిచిపోవద్దు.

ఇక కట్టడం. దీన్ని నిదానంగా చదవండి. విమానం ఒళ్లు బలమైనదే, కానీ తయారుచేసినవాళ్లు బలం పెట్టిన చోట్లలోనే. పైన కనిపించే అల్యూమినియం రేకు చాలా చోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అంబాజీపేటలో కొబ్బరికాయల లోడు మీదనుంచి తాడు వేసి బిగించినట్టు దీని వీపు మీదనుంచి బెల్టు వేస్తే రేకు నొక్కుకుపోతుంది. బెల్టు చక్రాల దగ్గరే, ఇరుసుకు వేయండి. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, అవి జరగకుండా ప్లాట్‌ఫారానికి బిగించండి. ప్రధాన చక్రాల కాళ్లు స్ప్రింగులా వంగే స్టీలువి. ఒంటిని కిందికి లాగి బిగిస్తే ఆ కాళ్లు ఊగినప్పుడల్లా బెల్టు వదులై, మళ్లీ పట్టేస్తుంది. ఇరుసు దగ్గర కడితే కాళ్ల పని కాళ్లు చేసుకుంటాయి. తోక కింద ఒక రింగు ఉంటుంది. దానికి ఒక బెల్టు, ఎగరకుండా ఆపేంత బిగువుతో చాలు. నైలాన్ తాళ్లు వద్దు, సాగుతాయి.

టార్పాలిన్ కప్పాలని అందరికీ అనిపిస్తుంది. నా మాట వినండి, కప్పొద్దు. గాలికి అది కొట్టుకుంటూ, దుమ్ముతో కలిసి రంగునూ అద్దాలనూ గీకేస్తుంది. అద్దం అంటున్నాం గానీ అది ప్లాస్టిక్, ఇట్టే గీతలు పడుతుంది. మెత్తని గుడ్డ పరిచి అంచులకు టేపు వేయండి. గాలి వేగం కొలిచే గొట్టం, ఇంధన పైపుల మూతులు మూయండి. అడుగున నీళ్లు కారే రంధ్రాలను మాత్రం తెరిచే ఉంచండి.

రెక్కలకు వేరే బండి, 17 అడుగుల ఐషర్ లారీ సరిపోతుంది. పడుకోబెట్టకుండా ముందు అంచు కిందికి ఉండేలా నిలబెట్టి, మందపాటి స్పాంజి వేసిన చెక్క తొట్టెల్లో ఉంచాలి. తొట్టె ఆనే చోటు లోపలి పక్కటెముక కిందికి రావాలి. రివెట్ల వరస చూస్తే అది ఎక్కడుందో తెలుస్తుంది.

దారిని ఒక రోజు ముందు చూసి రండి. విమానం ఎత్తు 2.6 మీటర్లు, ప్లాట్‌ఫారం దాదాపు ఒక మీటరు, మొత్తం 3.6. హైవే మీద వేమగిరి, జొన్నాడ వంతెన, రావులపాలెం దాకా ఎత్తుతో పేచీ లేదు. కడియపులంక దగ్గర మొక్కల లారీలు, రావులపాలెంలో అరటి గెలల బళ్లు ఆగి ఉంటాయి, ఆ రద్దీ వేళలు తప్పించండి. రావులపాలెం దాటి కొత్తపేట వైపు తిరిగాకే అసలు పని. రోడ్డును దాటే మామూలు కరెంటు తీగ 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. కేబుల్ టీవీ వైర్లు, పందిళ్ల తోరణాలు, రోడ్డు మీదికి వాలిన కొబ్బరి మట్టలు ఏ లెక్కకూ లొంగవు. నాలుగు మీటర్ల పీవీసీ పైపుతో వాటి ఎత్తు చూసుకోండి. కరెంటు తీగల దగ్గర మాత్రం పైపు ఎత్తొద్దు, అక్కడి లైన్‌మన్‌ను అడగండి.

బయల్దేరిన పది కిలోమీటర్లకు ఆగి ప్రతి బెల్టూ చేత్తో లాగి చూడండి. మొదటి వదులు అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత జొన్నాడ వంతెన ముందు, రావులపాలెం దాటాక మళ్లీ చూడండి. గట్టు రోడ్డులో గంటకు ఇరవై, పాతిక కిలోమీటర్లు చాలు.

నాలుగో పాఠంలో దింపడం, రెక్కలు తిరిగి బిగించడం. రెక్క వెనక బోల్టు దగ్గరి బుషింగులకు (బోల్టు చుట్టూ ఉండే లోహపు తొడుగులకు) పెట్టుకున్న గుర్తుల ఫొటోలు అప్పటికి దగ్గర ఉంచుకోండి. రెక్క కోణాన్ని సరిచేసేది ఆ బుషింగులే.