గోఫర్ మెనూల్లో పత్రాలను వెతికి తెచ్చుకోవడం ఎలా?

వెబ్ ఇంకా జనంలోకి రాకముందు, 1991లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మార్క్ మెక్‌కాహిల్ బృందం ఇంటర్నెట్‌లో పత్రాలను వెతికి అందించే గోఫర్ అనే పద్ధతిని రూపొందించింది. అందులో బొమ్మలతో నిండిన పేజీలు ఉండవు. మెనూ తెరిస్తే ఉపమెనూ, దానిలో మరొక మెనూ, చివరకు పత్రం. మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వి.ఎస్.ఎన్.ఎల్. ప్రజలకు ఇంటర్నెట్ అందించినప్పుడు, కేవలం అక్షరాలు కనిపించే షెల్ అకౌంట్లతో సరిపెట్టుకున్నవారికి ఇటువంటి మెనూలే దారి చూపాయి. నేటికీ కొందరు ఔత్సాహికులు గోఫర్ సర్వర్లను నడుపుతున్నారు. మెనూలు, పత్రాలు చాలావరకు ఉత్త అక్షరాలే కాబట్టి, ఉదయగిరి కొండల వైపు సిగ్నల్ ఒక గీతకు పడిపోయినా అవి తెరుచుకునే అవకాశం ఎక్కువ.

నెల్లూరులోనైనా, ఒంగోలులోనైనా చాలామంది విద్యార్థులకు కంప్యూటర్ లేకపోయినా ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటుంది కనుక ఆ పద్ధతినే చెబుతాను. మొదట ఉచిత యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ నుంచి, ఆదేశాలు టైపు చేసి పనిచేయించే టర్మక్స్ అనే యాప్‌ను ఎక్కించుకోవాలి. తెరవగానే, తెచ్చుకునే ఫైళ్లు ఫోన్‌లో మామూలుగా కనబడేందుకు, టర్మక్స్, సెటప్, స్టోరేజ్ అనే మూడు మాటలను మధ్యలో అడ్డగీతలతో కలిపి టైపు చేసి అనుమతి ఇవ్వాలి. ఆ తర్వాత పి.కె.జి., ఇన్‌స్టాల్, లింక్స్ అనే మూడు మాటలను మధ్యలో ఖాళీలతో ఇవ్వాలి. లింక్స్ అంటే అక్షరాలు మాత్రమే చూపే బ్రౌజర్. దాని స్పెల్లింగ్ ఎల్-వై-ఎన్-ఎక్స్ అని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అదే ఉచ్చారణతో వేరే బ్రౌజర్ కూడా ఒకటి ఉంది. లింక్స్‌ను ప్రారంభించే ముందు, ఫోల్డరు మార్చే సి.డి. ఆదేశంతో స్టోరేజ్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డరులోకి వెళ్లడం మేలు. దించిన ఫైలు అక్కడే చేరుతుంది.

ఆ తర్వాత లింక్స్ పేరు టైపు చేసి ఎంటర్ నొక్కాలి. అది తెరుచుకున్నాక జి అక్షరం నొక్కితే చిరునామా అడుగుతుంది. గోఫర్ అని రాసి, కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి, గోఫర్ డాట్ ఫ్లడ్‌గ్యాప్ డాట్ కామ్ అని చేర్చి ఎంటర్ నొక్కండి. కింది బాణంతో వరుసలు దిగవచ్చు. కుడి బాణం లోపలికి తీసుకువెళుతుంది, ఎడమ బాణం వెనక్కి తెస్తుంది.

ఇక్కడ తొందరపడవద్దు. తెరవదగిన ప్రతి వరుస ముందూ ఒక గుర్తు ఉంటుంది. డైర్ అంటే మరో మెనూ, ఫైల్ అంటే చదవదగిన పాఠం, ప్రశ్నార్థకం అంటే వెతుకుడు పెట్టె, బిన్ అంటే చదవడానికి కాక దించుకోవడానికి ఉన్న ఫైలు. సర్వర్ నిజానికి పంపేది ఒక్కో వరుసకు ఒక్క పంక్తి మాత్రమే. మొదట రకాన్ని చెప్పే అక్షరం (పాఠానికి 0, మెనూకు 1, వెతుకుడుకు 7), దాని వెంటనే శీర్షిక, ఆపై ట్యాబ్‌లతో వేరుచేసి పత్రం దారి, సర్వర్ పేరు, పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే ద్వారం) సంఖ్య ఉంటాయి. మామూలుగా ఆ పోర్టు 70. తెరవకముందే అక్కడ ఏముందో తెలియడం గోఫర్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. డేటాను లెక్క చూసుకుని వాడేవారికి ఇది నిజమైన సాయం.

వెతకడానికి ఆ మొదటి మెనూలోనే వెరోనికా-2 అనే వరుస ఉంటుంది. అసలు వెరోనికా అనే వెతుకుడు సాధనాన్ని 1992లో నెవాడా విశ్వవిద్యాలయంలో తయారుచేశారు. ఇది దాని వారసురాలు. ఇది పత్రాల లోపలి పాఠాన్ని కాక మెనూల్లోని శీర్షికలను వెతుకుతుంది కనుక, పత్రానికి పేరు పెట్టినవారు ఏ మాట వాడి ఉంటారో ఊహించి అడగాలి. ఒంగోలు ఎద్దుల గురించి కావాలనుకుందాం. ఒంగోలు అని ఇస్తే ఏమీ రాకపోవచ్చు. బ్రెజిల్‌లో ఈ జాతి పశువుల సంతతిని నెలోర్ అంటారు, ఆ స్పెల్లింగులో ఎల్ ఒక్కటే. అందుకని ముందు ఒంగోలు, తర్వాత నెలోర్, ఆ పైన జీబూ (మూపురం ఉన్న పశువు) లేదా కేటిల్ అని ఒక్కో మాటే మార్చి చూడాలి. ఒకేసారి వాక్యమంతా రాస్తే ఫలితాలు దాదాపు ఉండవు.

కావలసిన వరుస దొరికాక దాని మీద నిలిచి డి నొక్కండి. డిస్క్‌లో దాచే వరుసను ఎంచుకుంటే ఫైలు పేరు అడుగుతుంది, విషయం తెలిసేలా పేరు పెట్టుకోండి. సమానం గుర్తు నొక్కితే ఆ పత్రం పూర్తి చిరునామా కనిపిస్తుంది. దాన్ని నోటుపుస్తకంలో రాసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే వ్యక్తులు సొంతంగా నడిపే సర్వర్లు ఎప్పుడైనా ఆగిపోవచ్చు. దారి తెలిస్తే కనీసం పై మెనూ నుంచి మళ్లీ వెతకవచ్చు. పాఠం పిచ్చి గుర్తులుగా కనబడితే కంగారుపడవద్దు. అది ఏ లిపి సంకేతంలో ఉందో చెప్పే ఏర్పాటు గోఫర్‌లో లేదు. దించుకుని, పాఠం దిద్దే ఎడిటర్ యాప్‌లో యు.టి.ఎఫ్.-8 అనే లిపి సంకేతంగా తెరిచి చూడండి.

గోఫర్‌లో మీరు పంపే మాటలు మామూలుగా రహస్యలిపిలో వెళ్లవు. పాస్‌వర్డులు, ఆధార్ సంఖ్యలు ఏ వెతుకుడు పెట్టెలోనూ టైపు చేయకూడదు. పని ముగిశాక క్యూ నొక్కి, అవునని వై ఇస్తే లింక్స్ మూసుకుంటుంది.