బేస్ గిటార్‌లో ఒక స్ట్రింగ్ గట్టిగా, ఇంకోటి నీరసంగా మోగుతుంటే?

విజయవాడ, గుంటూరుల్లో చర్చి క్వైర్‌కో, పెళ్లి ఆర్కెస్ట్రాకో బేస్ వాయించేవాళ్లకు ఈ ఇబ్బంది తెలిసిందే. అన్నిటికంటే లావైన ఇ స్ట్రింగ్ కొడితే హాలు దద్దరిల్లుతుంది. అన్నిటికంటే సన్నని జి మీదికి వెళ్లేసరికి బేస్ ఉందో లేదో తెలియదు. చాలామంది వెంటనే శబ్దంలో హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ పెడల్ కొంటారు. దానికంటే ముందు పికప్ (స్ట్రింగుల కింద ఉండి వాటి కంపనాన్ని పట్టే అయస్కాంత భాగం) ఎత్తు చూడండి. పైసా ఖర్చు లేని పని, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది.

మొదట తేడా గిటార్‌లోనే ఉందా, గదిలో ఉందా తేల్చుకోవాలి. ఓపెన్ ఇ సుమారు 41 హెర్ట్జ్, జి 98. చిన్న యాంప్ 41ని సరిగా పలికించలేదు. పెద్ద కాంక్రీట్ హాల్లో కొన్ని నోట్లు వాటంతటవే మార్మోగుతాయి. అందుకే టోన్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. నాలుగు స్ట్రింగులూ ఒకే వేలితో, ఒకే చోట, ఒకే బలంతో కొట్టాలి. జి మీద 5, 7 ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీల) మధ్య ఏదో ఒక్క నోటే త్వరగా చచ్చిపోతుంటే అది డెడ్ స్పాట్. ఆ కంపనాన్ని నెక్ లాగేసుకుంటోంది, పికప్ ఎత్తు మార్చి లాభం లేదు.

తర్వాత స్ట్రింగ్స్. మన ఎండల్లో చెమటకు అవి త్వరగా పాడవుతాయి. తెగిన ఒక్కటే మార్చితే కొత్తది మిగతావాటి కంటే గట్టిగా పలుకుతుంది. సెట్ మొత్తం మార్చండి.

ఇక అసలు పని. స్ట్రింగ్‌ను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, పికప్ అయస్కాంతం పైనుంచి స్ట్రింగ్ అడుగు వరకు స్టీల్ స్కేలుతో కొలవండి. ఇ వైపు సుమారు 3 మి.మీ., జి వైపు 2 మి.మీ.తో మొదలుపెట్టండి. ఆ తర్వాత చెవినే నమ్మాలి. నీరసంగా ఉన్నదాన్ని పైకి లేపే ముందు, గట్టిగా మోగేదాని వైపు పికప్‌ను కిందికి దించండి. పికప్ మరీ దగ్గరైతే అయస్కాంతం స్ట్రింగ్‌ను లాగుతుంది, పై ఫ్రెట్లలో నోటు వణుకుతుంది, ట్యూనింగ్ కుదరదు.

ప్రెసిషన్, జాజ్ (ఫెండర్ కంపెనీ బేస్ మోడళ్లు) తరహా గిటార్లలో పికప్ స్క్రూ బిగిస్తే పికప్ దిగుతుంది, వదులు చేస్తే లేస్తుంది. ఒకసారికి పావు తిప్పు చాలు, తిప్పిన ప్రతిసారీ వాయించి వినండి. వదులు చేసినా లేవకపోతే అడుగున స్పాంజ్ అణిగిపోయి ఉంటుంది. పికప్ మెల్లగా బయటికి తీసి, వైరు లాగకుండా కొత్త ముక్క పెట్టండి. ప్రెసిషన్‌లో పికప్ రెండు ముక్కలు కాబట్టి ఇ, ఎ ఒక జతగా, డి, జి ఇంకో జతగా సరిచేయవచ్చు. జాజ్‌లో ఒక పికప్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి రెండోదాన్ని సరిచేయండి, తర్వాత మొదటిది.

ఇంతా చేశాక ఒక్క ఎ స్ట్రింగే డల్‌గా ఉంటే నట్ (నెక్ పైచివర స్ట్రింగులు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర చూడండి. అక్కడ స్ట్రింగ్ వంపు తక్కువైతే ఓపెన్ నోటులో పస ఉండదు. ట్యూనర్ పోస్టు (స్ట్రింగ్ చుట్టే కడ్డీ) మీద చుట్లు కిందికి దిగేలా మళ్లీ చుట్టి, ట్యూన్ చేసి వినండి.