పెరటి డెక్‌కి ఎంత మందం చెక్క?

మాది విజయవాడ పటమట. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన పన్నెండడుగులకి ఎనిమిదడుగుల చెక్క డెక్, అంటే దూలాల మీద పలకలు పరిచిన అరుగు ఉంది. దాన్ని రెండుసార్లు వేయించాను. మొదటిసారి చవకగా వస్తుందని ముప్పావు ఇంచి చెక్క కొన్నాను, కింద రెండడుగులకో దూలం పెట్టించాను. ఎండాకాలంలో బాగానే ఉంది. శ్రావణమాసం వచ్చేసరికి చెక్కల అంచులు అప్పడాల్లా పైకి లేచాయి. కింది వైపు నేల తేమ పట్టి ఉబ్బుతుంది, పై వైపు వాన వెలిసీ వెలవగానే ఎండకి ఆరిపోతుంది. అందుకే ఆ వంపు. మా అమ్మ కుర్చీ వేసుకుని కూర్చోగానే చెక్క కిర్రుమని కిందికి దిగింది. “ఒరేయ్, ఇది అరుగా, ఉయ్యాలా?” అంది.

హైస్కూల్లో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, అయినా వేసుకోవలసిన లెక్క వేసుకోలేదు. చెక్క మందం పెరిగితే బిగువు దాని ఘనం చొప్పున పెరుగుతుంది. దూలాల మధ్య దూరం పెరిగితే వంగడం కూడా ఘనం చొప్పునే పెరుగుతుంది. ముప్పావు ఇంచి చెక్కకి 24 ఇంచీల దూరం అంటే, దూరాన్ని మందంతో భాగిస్తే 32. ఇంచి చెక్కకి 16 ఇంచీల దూరం అంటే 16. సగం. సగానికి ఘనం ఎనిమిదో వంతు. అంటే అదే మనిషి, అదే కుర్చీ, వంగడం మాత్రం ఎనిమిదో వంతే! రెండోసారి వచ్చిన వడ్రంగి మేస్త్రీకి ఈ లెక్క తెలీదు. కానీ పాత డెక్ మీద కాలు పెట్టగానే, “మందం సంగతి తర్వాత మాస్టారూ, ముందు దూలాలు దగ్గరికి జరపండి” అన్నాడు.

కాబట్టి మనుషులు, కుర్చీలు, నాలుగు పూలకుండీలు ఉండే ఇంటి డెక్‌కి టేకు, మద్ది లాంటి గట్టి కర్రయితే ఇంచి మందం, 16 ఇంచీలకో దూలం చాలు. నీళ్ల డ్రమ్ము, సిమెంటు తొట్లు పెడతారా, లేక దూలాలు రెండడుగుల దూరంలో ముందే బిగించేసి ఉన్నాయా, అప్పుడు ఇంచిన్నరకి వెళ్లండి. పైన్ లాంటి మెత్తకర్రకీ అంతే. అమెరికా వీడియోలు చూసి “ఫైవ్ బై ఫోర్” కావాలని అడిగేవాళ్లున్నారు. దాని పేరు ఇంచీపావే గానీ చేతికొచ్చేది ఇంచి. వాళ్ల “టూ బై సిక్స్” మందం ఇంచిన్నరే.

పేరుకీ కొలతకీ ఈ తేడా మన అడితిలోనూ ఉంది. ఇంచి చెక్క అంటే రంపం కోతలో ఇంచి. రెండు వైపులా చిత్రిక పడితే రెండు నూళ్లు (నూలంటే ఇంచిలో ఎనిమిదో వంతు) పోయి ముప్పావే మిగలొచ్చు. మోసపోయేదీ ఇక్కడే, ఎవరూ అబద్ధం చెప్పకుండానే. ఇంచి కావాలంటే కోతలో ఇంచీపావు అడగండి, చిత్రిక పట్టాక టేపు పెట్టి చూడండి. వెడల్పు నాలుగించీలు దాటనివ్వకండి. ఆరించీల పలక చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ అప్పడమయ్యేది అదే.

మందం ఎక్కువైతే వానకి తట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. మందం బరువుకి, వానకి కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా తమ్ముడి ఇంట్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఇంచీపావు మందం ఫ్లష్ తలుపు పొరలు పొరలుగా విడిపోయింది. ముప్పావు ఇంచి పాత టేకు కిటికీ రెక్క ఆరాక యథాప్రకారం మూసుకుంది. చేవ ఉన్న కర్ర కావడం వల్లే అది నిలిచింది. అంచున చేవ లేని తెల్లచెక్క ఉన్న పలక రెండించీలున్నా పక్కన పెట్టేయండి.

పచ్చి కర్రని మందంగా కొంటే ఇంకో తంటా. లోపల ఆరడానికి నెలలు పడుతుంది, ఈలోగా పైన బీటలిస్తుంది. నేను అడుగు ముక్క ఒకటి తెచ్చి వంటింటి కాటా మీద తూచాను, 702 గ్రాములు. నీడలో పదిహేను రోజులు ఉంచితే 651కి దిగింది. ఇంకా దిగుతోందని చెక్కంతా షెడ్డులో మధ్యమధ్య రీపర్లు పెట్టి పేర్చి, బరువు కదలడం మానేశాకే బిగించమన్నాను. మేస్త్రీ విసుక్కున్నాడు.

బిగించేటప్పుడు పలకకీ పలకకీ మధ్య నూలున్నర సందు ఉండాలి. సందులో ఆకులు ఇరుక్కుంటే పుల్లతో తీసేయాలి, లేకపోతే నీళ్లు నిలుస్తాయి. ఇంచి చెక్కకి రెండున్నర ఇంచీల స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి, ముందు డ్రిల్లుతో బెజ్జం వేసుకుని. దూలాలు మట్టికి ఆనకుండా సిమెంటు దిమ్మల మీద కూర్చోవాలి, కింద గాలి ఆడాలి. కోసిన చివరలే నీళ్లని ఎక్కువ పీలుస్తాయి కనక వాటికి కోసిన రోజే సీలరు పూయండి. మేస్త్రీ రేపు అంటాడు, బ్రష్షు మీరే పట్టుకోండి.