ఇత్తడి కేసు మెడ చీలిపోతోందా?

రీలోడింగ్‌లో, అంటే కాల్చిన తూటా ఖాళీ తొడుగు(కేసు)లో మళ్లీ మందు, బుల్లెట్ నింపి వాడటంలో, పలుమార్లు వాడిన ఇత్తడి కేసులకు మెడ దగ్గర సన్నని పగుళ్లు వస్తుంటాయి. కాల్చినప్పుడు సాగడం, కేసును పాత కొలతకు తెచ్చే అచ్చు(డై)లో మళ్లీ నొక్కుకుపోవడం, ఇలా పదే పదే జరిగేసరికి ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది. వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ప్రైమర్ (అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) తీసేసిన ఖాళీ కేసులతోనే ఈ పని చేయాలి.

మసక వెలుతురులో, గ్యాస్ టార్చ్ మంట దగ్గర కేసును తిప్పుతూ మెడ, దాని కింద వాలుగా ఉండే భుజం మాత్రమే వేడి చేయండి. మెడ అంచున ఎరుపు లీలగా కనిపించగానే తీసేయండి. కొన్ని సెకన్ల పనే. ఎండలో ఆ ఎరుపు కనబడదు, కనబడేసరికి వేడి మితిమీరుతుంది.

అసలు జాగ్రత్త అడుగు భాగం గురించే. కాల్చినప్పుడు పుట్టే ఒత్తిడిని తట్టుకోవాల్సింది అదే కాబట్టి గట్టిగానే ఉండాలి. 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే ఉష్ణోగ్రత సూచిక పూతను భుజానికి కాస్త కింద రాసి చూస్తే వేడి ఎంత దిగుతోందో తెలిసిపోతుంది. అడుగు మెత్తబడిందని అనుమానం వచ్చినా ఆ కేసు పారేయడమే, బాగుచేసే దారి లేదు.

వేడి చేశాక కేసును నీళ్లలో ముంచాలా అని చాలామందికి సందేహం. ఉక్కు గట్టిపడినట్టు ఇత్తడి దానివల్ల గట్టిపడదు, మెత్తబడదు కూడా. వేడి కిందికి పాకకుండా ఆగుతుంది, అంతే. ముంచితే మాత్రం లోపల తడి పూర్తిగా ఆరాకే తుపాకి మందు పోయండి.