రాక్ కచేరీకి వెళ్తున్నారా? చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి

పెద్ద రాక్ షో చూసొచ్చాక రెండు రోజులు చెవుల్లో గుయ్‌మనే మోత నాకు ఎప్పుడూ ఉండేది. దూది కుక్కినా లాభం లేదు.

2025 మే 17న ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో అమెరికా రాక్ బ్యాండ్ గన్స్ ఎన్ రోజెస్ షోకి వెళ్లాను. గిటారిస్ట్ స్లాష్, బేస్ గిటారిస్ట్ డఫ్ 2016లో తిరిగి గాయకుడు యాక్సిల్‌తో కలిశారు. కాలేజీ రోజుల నుంచి క్యాసెట్లు అరిగేలా విన్న బ్యాండ్ అది, ఒక్క స్వరం కూడా వదులుకోకూడదనుకున్నాను. ఈసారి మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ (చెవిలో దూర్చుకునే మెత్తని స్పాంజి బిరడాలు) రెండు జతలు కొన్నాను, ఒకటి కింద పడితే ఇంకోటి ఉంటుందని.

పెట్టుకునే తీరులోనే ఉంది అంతా. చేతులు కడుక్కుని, ప్లగ్‌ని దీపం వత్తిలా సన్నగా నలపండి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి, చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చండి. అది ఉబ్బే వరకు 30 సెకన్లు వేలితో అదిమి పట్టుకోండి. గేటు దాటగానే పెట్టేసుకోవాలి, మోత మొదలయ్యాక ఆ తోపులాటలో కుదరదు.

పాట కాస్త మెత్తగా వినిపిస్తుంది కానీ స్లాష్ సోలో మొదలైనప్పుడు గిటార్ తీగ సాగడం కూడా తెలిసింది. ఏడుపొచ్చేసింది నాకు. మర్నాడు పొద్దున చెవుల్లో మోత లేదు.

చెవి పోటు, చీము ఉంటే మాత్రం ఇవి పెట్టకండి. అలాంటప్పుడు స్పీకర్లకు వీలైనంత దూరంగా, వెనక నిలబడండి.