బాధను పదేళ్ల అవతలి నుంచి చూడటం ఎలా?

మనసును కుదిపేసిన విషయాన్ని ముందు ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టండి. ‘నా పని అయిపోయింది’ అని కాదు, ‘ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తడబడ్డాను’ అని. పక్కన బాధ ఎంతుందో 0 నుంచి 10 లోపు అంకె వేయండి. అంకె 8 దాటితే, పదేళ్ల తర్వాతి రోజును తలచుకునే ఊహ జోలికి అప్పుడే వెళ్లకండి. ఓ 10 నిమిషాలు నడవండి, లేదా పీల్చిన దానికంటే నిదానంగా ఊపిరి వదులుతూ కాసేపు కూర్చోండి. ఒళ్లు ఉడికిపోతుంటే ఊహ నిలవదు.

ఇప్పుడు మీ వయసుకు 10 కలిపి రాయండి. ఆ వయసులో ఒక మామూలు రోజును తలచుకోండి. గెలుపు రోజో, వేడుక రోజో వద్దు. పొద్దున లేచి ఏం చేస్తున్నారు? ఇంట్లో ఎవరున్నారు, వాళ్లకు అప్పటికి ఎన్నేళ్లు? రెండు మూడు నిమిషాలు అక్కడే ఉండండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ‘పదేళ్లకు ఇదెవరికి గుర్తుంటుందిలే’ అనుకుని లేచిపోతారు. దృశ్యం కళ్లకు కట్టకపోతే అంకె కదలదు.

అక్కడి నుంచి వెనక్కి చూస్తూ రెండు జాబితాలు రాయండి: అప్పటికి చెరిగిపోయేవి, అప్పటికీ మిగిలేవి. మళ్లీ అంకె వేయండి. ఒకటి రెండు తగ్గినా మేలే.

పదేళ్లెందుకు, వారం తర్వాతి రోజును ఊహిస్తే సరిపోదా? వారానికి గొడవ ఇంకా పచ్చిగానే ఉంటుంది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనాల్లో, దగ్గరి రోజులను ఊహించినవాళ్ల కంటే దూరపు రోజులను ఊహించినవాళ్లకు బాధ ఎక్కువ తగ్గింది. ‘ఇది ఎల్లకాలం ఉండదు’ అన్న ఎరుక అందుకు ముఖ్య కారణమని తేల్చారు.

ముందుకు ఊహించడం రాకపోతే వెనక్కి వెళ్లండి. ఐదేళ్ల కిందట నిద్ర చెడగొట్టిన మూడు విషయాలు రాసి, వాటిలో ఇప్పటికీ గుచ్చుకునేవి ఎన్నో లెక్కపెట్టండి.

రెండో జాబితాను మాత్రం పక్కన పడేయకండి. అప్పు, అనారోగ్యం, రేపటి గడువు లాంటివి దూరం నుంచి చూసినంత మాత్రాన తీరవు. ఒక్కోదానికి 24 గంటల్లో చేయగల చిన్న పని ఒకటి రాసుకోండి. లేకపోతే ఈ సాధనే పని తప్పించుకునే దారవుతుంది.

అయినవాళ్లను పోగొట్టుకుని ఏడుస్తున్నవారికి దీన్ని చెప్పొద్దు, వాళ్ల బాధను తేలిక చేసినట్టవుతుంది. ఎంత ముందుకు చూసినా చీకటే కనిపిస్తుంటే, బతకాలని లేదనిపిస్తుంటే, ఇది ఆపేసి ఈరోజే మానసిక వైద్యుల్ని కలవండి. అందాకా నమ్మినవారిని పక్కన ఉండమనండి.