వాషింగ్ మెషీన్ ఇబ్బందులు: మెకానిక్‌ను పిలిచే ముందు చూసుకోవలసినవి

ఫ్రంట్ లోడ్ మెషీన్లపై వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి విడిభాగం మార్చవలసిన అవసరమే ఉండదు. తక్కువ నీటితో ఉతికేలా తయారైన యంత్రంలో డిటర్జెంటును మునుపటిలాగే గుమ్మరించడం, డ్రమ్ము నిండా బట్టలు కుక్కడం వల్లే అవి తలెత్తుతాయి.

ఉతికిన బట్టలకు ముక్క వాసన

ఎప్పుడూ చన్నీళ్లతోనే ఉతుకుతూ డిటర్జెంటు ఎక్కువ వేస్తే, కరగకుండా మిగిలిన పొడి, బట్టల జిడ్డు కలిసి డ్రమ్ము వెనకాల కంటికి కనిపించని తొట్టి గోడలకూ తలుపు రబ్బరుకూ జిగటగా పట్టేస్తాయి. బూజు, బాక్టీరియా పెరిగేది ఆ పొరలోనే. రబ్బరు కింది మడతను వేలితో విప్పి చూడండి: నల్లటి మరకలు, నిలిచిన నీరు, ఒక్కోసారి ఎప్పుడో పోయిందనుకున్న సాక్సు కూడా దొరుకుతాయి. మడతను తుడిచి, డిటర్జెంటు సొరుగును బయటికి లాగి కడిగి, బట్టలు వేయకుండా 60 డిగ్రీలు లేదా అంతకు మించిన వేడిలో మెషీన్‌ను ఒకసారి నడపాలి. ఆ తర్వాత డిటర్జెంటు తగ్గించకపోతే వాసన మళ్లీ వస్తుంది. నురగ ఎంత వస్తే అంత శుభ్రమన్న నమ్మకం ఈ మెషీన్లకు వర్తించదు. డ్రమ్ము బట్టలను పైకెత్తి కింద పడేస్తేనే మురికి వదులుతుంది; దట్టమైన నురగ మీద పడిన బట్టలకు తగలవలసిన దెబ్బ తగలదు.

నీరు బయటికి పోకపోవడం

ముందువైపు అడుగున ఉండే పంపు ఫిల్టరులో నాణేలు, పిన్నులు, దారపు ఉండలు చిక్కుకుని ఉంటాయి. ప్లగ్ తీసి, నీరు చల్లారాక, కింద పళ్లెం పెట్టి మూతను నెమ్మదిగా తిప్పాలి. ఫిల్టరు శుభ్రంగానే ఉంటే డ్రెయిన్ పైపు మడత పడిందేమో చూడాలి.

ఉతకడానికి గంటలు పట్టడం

ఎకో ప్రోగ్రాముకు ఇది లోపం కాదు. వేడినీటి ఉతుకులో కరెంటు ఎక్కువగా ఖర్చయ్యేది నీటిని వేడి చేయడానికే కాబట్టి, వేడి తగ్గించి ఆ లోటును సమయంతో పూడుస్తారు. అన్ని ప్రోగ్రాములూ ఆలస్యమవుతుంటే మాత్రం నీరు లోపలికి వచ్చే పైపు చివరి జల్లెడ పూడిందేమో చూడాలి.

స్పిన్‌లో అదురు, హోరు

కొత్త మెషీన్ గంతులేస్తే ముందుగా వెనకవైపు రవాణా బోల్టులు (దారిలో డ్రమ్ము కదలకుండా బిగించేవి) తీశారో లేదో చూడాలి. ఒంటరి దుప్పటి ఒకవైపు ముద్దకట్టినా అదురుతుంది. మరో రెండు బట్టలు జోడిస్తే సర్దుకుంటుంది. వేగంతోపాటు హోరు పెరుగుతూ, ప్లగ్ తీసి లోపలి డ్రమ్మును చేత్తో పైకెత్తినప్పుడు అది విడిగా కదిలితే బేరింగు (డ్రమ్ము సాఫీగా తిరిగేలా దాని ఇరుసును పట్టి ఉంచే భాగం) అరిగినట్లే. కొన్ని మోడళ్లలో తొట్టి విడదీయలేని విధంగా అతికి ఉంటుంది, బేరింగు కోసం తొట్టి మొత్తాన్నీ మార్చవలసి వస్తుంది. మీ మోడల్ ఏ రకమో మరమ్మతుకు ఒప్పుకునే ముందే అడగండి.